కాలువ కట్టేశారు

(ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కాలువల మీద పడవ సెలవు గురించి చెప్పమని నన్ను పిలిచారు. పడవ అద్దెకు ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది, వంట ఎలా చేసుకోవాలి, ఇవన్నీ తర్వాత టీ తాగుతూ మాట్లాడుకుందాం. వాటికి జవాబులు తేలిక. నేను ముందు మాట్లాడదలచింది మీలో చాలామందికి కోపం తెప్పించిన విషయం. 2025 వేసవిలో పడవ బుక్ చేసుకుని, పిల్లలకు లైఫ్ జాకెట్లు కూడా కొనిపెట్టి, తీరా బయల్దేరే ముందు "కాలువ మూసేశారు" అన్న మెయిల్ చూసుకున్న కుటుంబాలు ఈ హాల్లోనే ఉన్నాయి. ఇందాక లోపలికి వస్తుంటే ఒకావిడ నన్ను ఆపి, "ఇంత డబ్బున్న దేశం, ఒక కాలువని తెరిచి ఉంచలేరా?" అని అడిగారు. ఆ ప్రశ్న నుంచే మొదలుపెడతాను.

నేను కోనసీమలో పుట్టాను. మా ఊళ్ళో "కాలువ కట్టేశారు" అనేది ఒక రుతువు పేరు. ఏప్రిల్‌లో దాళ్వా కోతలయ్యాక ధవళేశ్వరం దగ్గర నీళ్ళు కట్టేసేవాళ్ళు, మళ్ళీ జూన్‌లో వదిలేవాళ్ళు. కట్టే ముందు ఊరి మంచినీళ్ళ చెరువు నిండా నింపుకోవాలి, లేకపోతే వేసవి గడవదు. నీళ్ళు తీశాక కాలువ అడుగున అక్కడక్కడా మడుగులు మిగిలేవి. ఆ మడుగుల్లో కొరమేనులు, మట్టగిడసలు పట్టడమే మా వేసవి సెలవులు. ఆ తర్వాత పనివాళ్ళు దిగేవారు. పూడిక తీసేవారు, గుర్రపు డెక్క లాగి గట్టున పడేసేవారు, షట్టర్లకు గ్రీజు రాసేవారు, కూలిన గట్లు కట్టేవారు.

కాలువ కట్టేశారని మా ఊళ్ళో ఎవరూ గొడవ చెయ్యడం నేను చూడలేదు. గొడవంతా కట్టినన్నాళ్ళూ పని సరిగ్గా చెయ్యలేదనే. మా నాన్నగారి పొలం కాలువ శివారున ఉండేది. పూడిక సగమే తీస్తే పై ఊళ్ళవాళ్ళకు తేడా తెలియదు, శివారు రైతుకి ఆగస్టులో తెలుస్తుంది. అందుకే ఆయన మే నెలలో సైకిలేసుకుని ఐదారు మైళ్ళు గట్టు వెంట వెళ్ళి, ఎంత లోతు తీశారో చూసి వచ్చేవారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇంగ్లండ్ వచ్చి పడవ సరదాలో పడ్డాక నేను ఆ చూపుని మర్చిపోయాను. కాలువంటే సెలవు, కాలువంటే ఫొటోలు. నాకు దాన్ని గుర్తు చేసింది 2018లో ఒక గండి.

ఆ ఏడాది మా అమ్మ, నాన్నగారు ఇక్కడికి వచ్చారు. ఈస్టర్ సెలవుల్లో వాళ్ళని పడవలో తిప్పాలని జనవరిలోనే బుక్ చేశాం. ఫోర్ కౌంటీస్ రింగ్ అని ఒక చుట్టు ఉంది, దాదాపు 110 మైళ్ళు, 90కి పైగా లాకులు. లాకు అంటే తలుపులు మూసి, నీళ్ళు నింపీ వదిలీ పడవని ఎక్కించే, దించే గది. అంతా తిరగడం వారంలో కాదు గానీ, అందులో ఒక వైపు వెళ్దాం అనుకున్నాం. నాంట్‌విచ్ నుంచి ఉత్తరంగా బార్‌బ్రిడ్జ్ వెళ్ళి, అక్కడ తిరిగితే మిడిల్‌విచ్ శాఖ కాలువ. దాని మీదుగా వెళ్ళి ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ చూసి వద్దామని మా ప్లాన్. మార్చి మధ్యలో ఆ మిడిల్‌విచ్ శాఖ కాలువకు గండి పడింది. వీలాక్ నది మీదుగా కాలువ దాటే చోట గట్టు తెగి, నీళ్ళన్నీ నదిలోకి పోయాయి. కొన్ని పడవలు ఎక్కడివక్కడ అడుగు బురదలో కూర్చుండిపోయాయి.

మాకు ఆ సంగతి పడవ తీసుకునే రోజు దాకా తెలియదు. అద్దె సంస్థవాళ్ళు ఫోన్ చెయ్యలేదు, పేరు వద్దులెండి. నేను కూడా నోటీసులు చూసుకోలేదు. సామాన్లన్నీ దించాక, రిసెప్షన్ గోడ మీద చిన్న కాగితం కనిపించింది. మా ఆయనకు ఒళ్ళు మండిపోయింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అమ్మా నాన్నా మళ్ళీ ఎప్పుడొస్తారో అని. నాన్నగారు మాత్రం ఆ కాగితం చదివించుకుని, "గండి ఎంత వెడల్పు పడిందట?" అని అడిగారు. ఫోన్‌లో వీడియో చూపించాను. చాలాసేపు చూశారు.

"ఎన్నాళ్ళు పడుతుందట?"

"ఈ ఏడాదంతా పట్టొచ్చు అంటున్నారు నాన్నగారూ."

"పూడుస్తారుగా?"

"పూడుస్తారు."

"అయితే పర్వాలేదమ్మా. వేరే కాలువ ఎక్కుదాం పద."

పూడుస్తారుగా అని ఆయన అడిగిన ప్రశ్న ఎంత పెద్దదో నాకు ఆ వారంలోనే అర్థమైంది. ఎందుకంటే మేం ఎక్కిన ఆ వేరే కాలువ లాంగోలెన్ కాలువ. దాని మీద పైకి వెళ్తుంటే ఫ్రాంక్టన్ దగ్గర ఎడమ పక్కకి ఇంకో కాలువ చీలుతుంది, మాంట్‌గోమరీ కాలువ. ఆ కాలువకి 1936లో పెరీ నది దాటే చోట గండి పడింది. అప్పుడది ఒక రైల్వే కంపెనీ చేతిలో ఉండేది. వాళ్ళు పూడ్చలేదు. సరుకు పడవల రాబడి తగ్గిపోయింది, ఎందుకు పూడ్చాలి అనుకున్నారు. 1944లో చట్టం తెచ్చుకుని ఆ కాలువను వదిలేశారు. ఒక గండి, అంతే. 1969లో వెల్ష్‌పూల్ దగ్గర వాలంటీర్లు పారలు పట్టుకుని దిగినప్పటి నుంచి దాన్ని తిరిగి తెరిచే పని నడుస్తూనే ఉంది, ఇప్పటికీ పూర్తి కాలేదు. గండి పడినప్పుడే పూడ్చి ఉంటే ఇన్ని తరాలు చెమటోడ్చాల్సిన పని ఉండేది కాదు.

మిడిల్‌విచ్ గండిని, ఇక్కడి కాలువల్ని చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ పూడ్చింది. దాదాపు 30 లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి. ఆ ఏడాది డిసెంబరులో పడవలు మళ్ళీ తిరిగాయి. తొమ్మిది నెలలు. అప్పుడు మేమందరం "ఇంత ఆలస్యమా" అని విసుక్కున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే, తొమ్మిది నెలల్లో అయింది అనిపిస్తుంది.

ఆ గండికి కారణం ఏమిటో తెలుసా అండీ? ట్రస్ట్ చెప్పినదాని ప్రకారం, లాకు దగ్గర పాడిల్ తెరిచి వదిలేశారు. పాడిల్ అంటే లాకులోకి నీళ్ళు వదిలే చిన్న షట్టరు. ఇంగ్లీషు ఎల్ అక్షరంలా ఉండే ఇనప పిడి, దాన్ని విండ్లాస్ అంటారు, దాంతో మనమే తిప్పి లేపాలి, మనమే దించాలి. దాన్ని దించకుండా వెళ్ళిపోతే పై నుంచి నీళ్ళు దిగువకి దిగుతూనే ఉంటాయి. దిగువ కాలువ నిండి, గట్టు మీదుగా పొర్లి, మట్టిని కోసుకుంటూ పోతుంది. మన పిల్లలకి విండ్లాస్ తిప్పడం మహా సరదా, తిప్పనివ్వండి. కానీ లాకు వదిలి వెళ్ళే ముందు పెద్దవాళ్ళు ఒకరు దిగి, అన్ని పాడిళ్ళూ దిగాయా, తలుపులు మూశామా అని కళ్ళతో చూడాలి. పడవ నుంచి అరిచి అడిగితే చాలదు. ఇది నా మనవి అనుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మూసివేతలన్నీ ఒకటి కావు. గండి పడి మూసుకుపోవడం వేరు. వాన లేక మూయడం వేరు. ముందే చెప్పి, ప్లాన్ వేసి మూయడం వేరు. మనం మూడింటినీ కలిపి తిడుతున్నాం.

ముందే చెప్పి మూసేది చలికాలంలో. నవంబరు మొదట్లో మొదలై మార్చి మధ్యకల్లా అయిపోతుంది, ఈస్టర్ సెలవులకి పడవలు తిరగాలి కదా. ఏయే లాకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది ముందుగానే జాబితా వేసి, పడవలవాళ్ళ అభిప్రాయం అడిగి, ఖరారు చేస్తారు. అచ్చం మన ఏప్రిల్, మే నెలల లాగే. మనకి పంట లేని కాలం వేసవి, వీళ్ళకి పడవలు లేని కాలం చలి.

అప్పుడు ఏం చేస్తారో నేను ఒకసారి దగ్గరగా చూశాను. చలికాలం పనులప్పుడు కొన్ని చోట్ల జనాన్ని ఖాళీ లాకులోకి దిగనిస్తారు. ఓ జనవరి ఆదివారం మా పాపని తీసుకుని వెళ్ళాను. తలకి హెల్మెట్, కాళ్ళకి రబ్బరు బూట్లు. లాకుకి ఎగువనా దిగువనా రాతి గోడల్లో నిలువుగా గాడులుంటాయి. ఆ గాడుల్లోకి చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి దించుతారు. అదే ఆనకట్ట. తర్వాత మధ్య నీళ్ళు పంపులతో తోడేస్తారు. తోడే ముందు చేపల్ని పట్టి నీళ్ళున్న చోట వదిలేస్తారు. మేమైతే పట్టి ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళమని మా పాపకి చెప్పాను.

కిందికి దిగాక పైకి చూస్తే, ఏడడుగుల వెడల్పు బావిలో నిలబడినట్టుంది. రెండు పక్కలా నల్లటి, ఆకుపచ్చటి తడి ఇటుకలు. నీచు వాసన. అక్కడక్కడా ఇటుక మధ్య సున్నం ఊడి, వేలు దూరేంత సందులు. ఒక చోట ఆ సందులోంచి సన్నగా నీళ్ళు కారుతున్నాయి, గోడ వెనక మట్టిలోంచి. అక్కడ పనిచేస్తున్న మేస్త్రీ ఆ సందు చూపించి, "ఇది ఇప్పుడు పట్టించుకోకపోతే ఇంకో రెండు చలికాలాల్లో ఈ గోడ కడుపు ముందుకొస్తుంది" అన్నాడు. గోడ కడుపు రావడం అంటే ఏమిటో నాకు తెలుసు. మేం లాంగోలెన్ కాలువ ఎక్కేటప్పుడు మొదట వచ్చేవి హర్ల్‌స్టన్ లాకులు. వాటిలో అన్నిటికన్నా కింది లాకు గోడలు ఏళ్ళ తరబడి లోపలికి ఒరిగిపోయాయి. ఈ సన్నటి పడవలు మామూలుగా ఆరడుగుల పది అంగుళాల వెడల్పు. అంతకన్నా ఒక్క అంగుళం ఎక్కువ వెడల్పున్న పాత పడవలు అందులో ఇరుక్కుపోయేవి. మేం వెళ్ళినప్పుడు కూడా "పక్కన వేలాడే ఫెండర్లన్నీ పైకి తీసెయ్యండి" అని చెప్పి పంపారు. గోడలు రెండు వైపులా రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. మా అమ్మ గట్టిగా రామనామం చదివింది. తర్వాత ఆ లాకు మూసేసి, గోడలు విప్పి, మళ్ళీ కట్టారు. 2020 నాటికి తెరిచారు. ఆ మూసివేత వల్ల ఎన్ని పాత పడవలకి ఆ కాలువ మళ్ళీ దక్కిందో ఆలోచించండి.

మళ్ళీ ఆ ఖాళీ లాకులోకి వస్తాను. కొత్త తలుపు అప్పుడే దించారు. ఓక్ చెక్క. పాత తలుపు నల్లగా కుళ్ళి గట్టున పడి ఉంది, కొత్తది పచ్చిగా, లేత పసుపు రంగులో, కొంచెం పుల్లటి వాసనతో ఉంది. ఒక తలుపు దాదాపు 25 ఏళ్ళు వస్తుందట. దుకాణంలో కొనేది కాదు. ఏ రెండు లాకులూ ఒకేలా ఉండవు కాబట్టి, ప్రతి తలుపునీ కొలత తీసి, బ్రాడ్లీ, స్టాన్లీ ఫెర్రీ అనే రెండు చోట్ల ఉన్న వర్క్‌షాపుల్లో ఆ లాకు కోసమే చేస్తారు. టన్నుల బరువు. క్రేన్‌తో దించుతారు.

నేను అక్కడి నుంచే నాన్నగారికి వీడియో కాల్ చేశాను. మన ఊళ్ళో అప్పటికి సాయంత్రం, ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. "తలుపు కింద మడమ చూపించు" అన్నారు. తలుపు తిరిగే నిలువు దుంగ కింది భాగం అది. ఫోన్ కిందికి పెట్టి చూపించాను. గుండ్రంగా చెక్కిన దుంగ, రాతిలో గుండ్రంగా తొలిచిన గూట్లో కూర్చుని ఉంది. "మన లాకులవీ ఇంతే. కాటన్ దొర ఇలాగే పెట్టించాడు" అన్నారు. రెండు తలుపులూ ఎగువ వైపుకి మొన తిరిగి, కోణంలో కలుసుకుంటాయి. గొళ్ళెం ఉండదు, తాళం ఉండదు. నీళ్ళు ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా మూసుకుంటాయి. కొత్తలో సందుల్లోంచి కారుతుంది, చెక్క నాని ఉబ్బాక తగ్గుతుంది. పూర్వం బొగ్గు బూడిద నీళ్ళలో చల్లేవారట, అది వెళ్ళి సందుల్లో ఇరుక్కునేది. మన దగ్గర పలకల మధ్య గడ్డీ బంకమట్టీ కుక్కినట్టే.

ఆ రోజు లాకు అడుగున దొరికినవి ఒక పక్కన పేర్చారు. రెండు సైకిళ్ళు, ఒక సూపర్‌మార్కెట్ ట్రాలీ, నాలుగు విండ్లాసులు. చేతిలోంచి జారి పడిపోయినవి. మా పాప ఆ విండ్లాసుల తుప్పు గోకి చూసింది.

ఈ దేశంలో కాలువలు ఎలా కట్టారో కూడా ఒక్క మాట చెప్పుకోవాలి, లేకపోతే అవి ఎందుకిలా కారతాయో, తెగుతాయో అర్థం కాదు. ఇవి సిమెంటు కాలువలు కావు. తొలినాటి కాలువల ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ కాలం నుంచి, అంటే 1760ల నుంచి, బంకమట్టిని నీళ్ళతో కలిపి బాగా తొక్కి, మెత్తి, అడుగునా పక్కలా పరిచారు. మన తాతలు మట్టిగోడ పెట్టడానికి మట్టి తొక్కినట్టే. ఆ మట్టి తడిగా ఉన్నంత కాలం నీటిని ఆపుతుంది. ఎండితే పగులుతుంది. చెట్టు వేరు దిగితే, గట్టులో జంతువు బొరియ చేస్తే, సన్నటి దారి పడుతుంది. 250 ఏళ్ళ నాటి మట్టి అది. ఆ మట్టి కట్టల మీద పదిహేను టన్నుల ఇనప పడవలో కూర్చుని మనం టీ తాగుతున్నాం.

ఇక వాన లేక మూయడం. 2025లో జరిగింది ఇదే. ఆ ఏడాది ఇంగ్లండ్‌లో వందేళ్ళకు పైగా చూడని పొడి వసంతం వచ్చింది. లీడ్స్ అండ్ లివర్‌పూల్, మాకిల్స్‌ఫీల్డ్, పీక్ ఫారెస్ట్ లాంటి కాలువలు కొండలెక్కి దిగే కాలువలు. కొండ మీద నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? రిజర్వాయర్ల నుంచి. ఒక సన్నటి లాకు ఒకసారి నింపి వదిలితే లక్ష లీటర్ల పైన నీళ్ళు కొండ దిగిపోతాయి. రోజుకి ఇరవై ముప్ఫై పడవలు ఎక్కి దిగితే ఎంతో లెక్క వేసుకోండి. రిజర్వాయర్ అడుగంటుతుంటే ముందు లాకుల వేళలు తగ్గిస్తారు, తర్వాత తాళం వేస్తారు.

అందులో ఒక రిజర్వాయర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. టాడ్‌బ్రూక్, వేలీ బ్రిడ్జ్ ఊరి పైన ఉంటుంది. 1830ల నాటి మట్టి ఆనకట్ట, పీక్ ఫారెస్ట్ కాలువకి నీళ్ళివ్వడానికి కట్టారు. 2019 ఆగస్టు 1న భారీ వానలకి దాని అలుగు కాంక్రీటు కూలింది. అలుగు కిందున్న మట్టి కొట్టుకుపోయింది. కింద ఉన్న ఊరి నుంచి దాదాపు 1,500 మందిని ఖాళీ చేయించారు. ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్ రాళ్ళ బస్తాలు తెచ్చి కంతలో పోసింది. నీళ్ళు మొత్తం తోడేశారు. ఆ అలుగుని మళ్ళీ కట్టడానికి ఏళ్ళు పడుతోంది. 2025లో ఎండలు వచ్చేసరికి ఆ కొండ కాలువల కోసం దాచుకోవాల్సిన నీళ్ళు ఆ రిజర్వాయర్లో లేవు. మీ ట్రిప్ రద్దు కావడానికి ఎండలు ఒక కారణం, అంతకు ఆరేళ్ళ ముందు కూలిన అలుగు ఇంకో కారణం.

అందుకే ఇందాక అడిగిన ఆవిడకి నా జవాబు ఇది. తెరిచి ఉంచలేరా అంటే, ఉంచగలరు, మూసి బాగుచేస్తే. చలికాలంలో నాలుగు వారాలు మూసే పని వాయిదా వేస్తే, అది ఎండాకాలంలో నాలుగు నెలలు మూసుకుపోయే గండిగా వస్తుంది. ముందే చెప్పి మూసినందుకు నేను ఎవర్నీ తిట్టను. మూయాల్సిన చోట డబ్బుల్లేక మూయకుండా వదిలేస్తే మాత్రం నాకు భయమేస్తుంది.

డబ్బు సంగతి చెబుతాను. 2012లో ప్రభుత్వ సంస్థ బ్రిటిష్ వాటర్‌వేస్ నుంచి ఇంగ్లండ్, వేల్స్ కాలువల్ని ఈ ట్రస్ట్ తీసుకుంది. దాదాపు 2,000 మైళ్ళ నీటిదారి. ప్రభుత్వం ఏడాదికి సుమారు 5 కోట్ల పౌండ్లు ఇస్తోంది. 2027 నుంచి పదేళ్ళకి కలిపి 40.1 కోట్ల పౌండ్లు అని 2023లో ప్రకటించారు. అదీ ఏటా 5 శాతం తగ్గుతూ పోతుంది. ధరలేమో పెరుగుతూ పోతాయి. మిగతాది పడవ లైసెన్సులు, విరాళాలు, ఆస్తుల మీద వచ్చే రాబడి నుంచి తెచ్చుకోవాలి. ఓక్ చెక్క ధర తగ్గదు, క్రేన్ అద్దె తగ్గదు. ఈ ఊళ్ళో మనందరికీ ఓటుంది. మన ఎంపీ గారికి రాసేటప్పుడు వీసాల గురించీ స్కూళ్ళ గురించీ రాస్తాం కదా, నేను ఈ కాలువల గురించి కూడా రాస్తున్నాను. మీరూ రాయండి.

పడవవాళ్ళ మాట చెల్లదు అనుకోకండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ కాలువల్లో చాలావాటిని పూడ్చేద్దామనే మాట నడిచింది. 1946లో టామ్ రోల్ట్, రాబర్ట్ ఐక్‌మన్ మరికొందరు కలిసి వాటిని కాపాడుకోవడానికి ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ పెట్టారు. బర్మింగ్‌హామ్ దగ్గర లిఫర్డ్ అనే చోట స్ట్రాట్‌ఫర్డ్ కాలువ మీద పడవలొస్తే ఎత్తే వంతెన ఒకటి పాడైతే, ఎత్తడానికి వీల్లేకుండా కిందికి బిగించేశారు. దాని కింద పడవ పట్టదు. ఆ కాలువ గ్రేట్ వెస్టర్న్ రైల్వేది. విషయం పార్లమెంటు దాకా వెళ్ళింది. ముందుగా చెబితే ఎత్తుతాం అని కంపెనీ మాటిచ్చింది. "సరే, నేను వస్తున్నాను" అని రోల్ట్ నోటీసిచ్చాడు. 1947 మేలో, తన ఇల్లు కూడా అదే అయిన పడవతో, కలుపులో కూరుకుంటూ, రాసుకుంటూ వచ్చాడు. రైల్వేవాళ్ళు జాకీలు పెట్టి వంతెన ఎత్తారు. ఆయన దాటాడు. ఆయన సరుకు తీసుకెళ్ళలేదు. ఈ దారి నాకు చట్టం ఇచ్చిన హక్కు, వాడకపోతే పోతుంది అన్నాడు. అంతే.

ఇక్కడ నాకో బాధ ఉంది, చెప్పనివ్వండి. కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847 నుంచి 1852 మధ్య. ఆయన కాలువలు పొలాలకే కాదు, పడవలకీ తవ్వించాడు. రైళ్ళకన్నా నీటిదారే చవకని జీవితాంతం వాదించాడు. మా తాతగారు బియ్యం బస్తాలు పడవలో వేసి కాకినాడ వెళ్ళడం చూసినవాళ్ళు మా ఊళ్ళో నా చిన్నప్పుడు ఉండేవారు. ఎదురు ప్రవాహంలో మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారట. ఇక్కడ గుర్రాలు లాగాయి, వంతెనల అంచుల్లో ఆ తాళ్ళు కోసిన గాడులు ఇప్పటికీ వేలితో తడమొచ్చు. మన దగ్గర నీళ్ళు మిగిలాయి, పడవలు పోయాయి. లాంగోలెన్ కాలువ కథ దీనికి తిరగేసినది. అది కూడా 1944 చట్టంలో వదిలేసిన కాలువే. కానీ డీ నది మీద హార్స్‌షూ ఫాల్స్ నుంచి హర్ల్‌స్టన్ దాకా తాగునీటికి నీళ్ళు తీసుకెళ్తోంది కాబట్టి పూడ్చలేదు. నీళ్ళ కోసం బతికి ఉంది, సరదా పడవలు వచ్చి దాన్ని నిలబెట్టాయి. ఇవాళ ఈ దేశంలో పడవలు ఎక్కువ తిరిగే కాలువల్లో అదొకటి.

ఆ కాలువ మీదే పాంట్‌కసల్టే ఉంది. 1805లో టెల్‌ఫర్డ్, జెసప్ అనే ఇంజనీర్లు కట్టిన అక్విడెక్టు, అంటే కాలువనే లోయ దాటించే వంతెన. 18 రాతి స్తంభాల మీద ఇనప తొట్టి, 126 అడుగుల ఎత్తు, వెయ్యి అడుగుల పొడవు. ఒక వైపు కాలిబాటకి కమ్మీలున్నాయి, రెండో వైపు ఏమీ లేదు, పడవ అంచు, తర్వాత గాలి. నాన్నగారు పడవ ముందు భాగంలో కూర్చుని దాటారు. దిగాక ఆయన అడిగిన మొదటి మాట, "దీన్ని ఎలా బాగుచేస్తారు?" నాకు తెలియదు. తర్వాత తెలుసుకున్నాను. ఆ తొట్టి అడుగున ఒక బిరడా ఉంది. తనిఖీ చెయ్యాల్సి వచ్చినప్పుడు రెండు కొసలూ మూసి, ఆ బిరడా లాగేస్తారు. నీళ్ళన్నీ ధారగా 126 అడుగుల కింద డీ నదిలో పడతాయి. అప్పుడు మనుషులు ఆ ఇనప తొట్టిలో నడిచి, ఒక్కో అతుకూ చూస్తారు. ఇది చెబితే నాన్నగారు, "కట్టేటప్పుడే కట్టేసే దారి కూడా పెట్టాడన్నమాట" అన్నారు. పి.గన్నవరంలో 49 ఖానాల అక్విడెక్టు చూస్తూ పెరిగిన మనిషి ఆయన. ఆయన మెచ్చుకున్నారంటే నాకు ఆ రోజంతా గర్వంగా ఉంది.

మీరు బుక్ చేసుకునేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి రెండు మూడు చెప్పి ముగిస్తాను. ట్రస్ట్ వెబ్‌సైట్‌లో కాలువ పేరు ఎంచుకుంటే నోటీసులు మీ మెయిల్‌కే వస్తాయి. డబ్బు కట్టే ముందు ఒకసారి, బయల్దేరే ముందు రోజు ఒకసారి చూడండి. మూసిందేమిటో సరిగ్గా చదవండి, గట్టు మీది నడకదారి మూసినా నోటీసే వస్తుంది, పడవకి దానితో పనిలేదు. రింగ్ బుక్ చేసుకుంటే ఎక్కడ ఒక్క లాకు మూసినా చుట్టు తెగిపోతుంది, కాబట్టి వెళ్ళిన దారిన తిరిగి రావడానికి సరిపడా రోజులు చేతిలో ఉంచుకోండి. మూసివేత వస్తే వేరే కాలువకు మార్చుతారా, డబ్బు తిరిగిస్తారా అని అద్దె సంస్థని ముందే మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. నేను అడగలేదు.

ఇంకొకటి. మనకి అది వారం సెలవు. కొందరికి పడవే ఇల్లు. స్థిరమైన రేవు లేనివాళ్ళు 14 రోజులకి మించి ఒకే చోట ఉండకుండా కదులుతూ ఉండాలి, అది చట్టం. చలికాలంలో ముందు లాకూ వెనక లాకూ మూస్తే వాళ్ళు మంచినీళ్ళ కుళాయికీ, టాయిలెట్ ఖాళీ చేసే చోటుకీ అందకుండా పోవచ్చు. అలాంటప్పుడు గడువు పొడిగించమని అడుగుతారు, అయినా ఇబ్బంది ఇబ్బందే. గట్టు మీద నడకకి వెళ్ళినప్పుడు అలా ఆగిపోయిన పడవ కనిపిస్తే పలకరించండి. నీళ్ళ డబ్బా మోయడానికి ఒక చెయ్యి సాయం చాలు.

వచ్చే జనవరిలో మళ్ళీ ఒక ఖాళీ లాకు చూడటానికి జనాన్ని దిగనిస్తారని నోటీసు రాగానే మన గ్రూపులో పెడతాను. పిల్లలకి పాత బట్టలు వెయ్యండి, ఆ పచ్చ పాకుడు ఉతికినా పోదు. రబ్బరు బూట్లు మర్చిపోకండి. మధ్యాహ్నం పన్నెండింటికి నేను లాకు అడుగు నుంచి నాన్నగారికి ఫోన్ చేస్తాను, ఈసారి పాడిల్ ఎలా బిగించారో దగ్గరగా చూపించమన్నారు.